పాత కారుకు కొత్త పూచీ కొనాలా?

2014 సెప్టెంబరులో ఒక శనివారం రాత్రి, భోజనాలై మంచాలు వాల్చుకొనే వేళకు మా చెల్లెలి కొడుకు అమెరికా నుండి ఫోను చేశాడు. ఒహాయో రాష్ట్రం కొలంబస్ పట్టణంలో అతని ఉద్యోగం. క్షేమ సమాచారాలు అయిన తర్వాత కాసేపు నసిగి, "మామయ్యా, ఒక కారు చూశాను. పాతదే. దాంతో పాటు ఒక వారంటీ కూడా కొనమంటున్నారు. మూడు వేల నాలుగు వందల డాలర్లు. కొనమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నాకు తెలిసిన బండ్లు సైకిలు, ఆర్టీసీ బస్సు, కోతల కాలంలో ట్రాక్టరు. "ఈ సంగతి నన్నెందుకు అడుగుతున్నావురా?" అన్నాను.

"అమ్మకు చెబితే తిడుతుంది. మీరైతే లెక్క వేసి చెబుతారు" అన్నాడు.

సరే, లెక్క వేశాను. ఆ రోజుల్లో డాలరు అరవై రూపాయల పైమాట. 3,400 డాలర్లంటే రెండు లక్షల పైచిలుకు. ఆ అంకె దగ్గర నా కలం ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ అంకె నాకు ముందే తెలుసు. అబ్బాయి చదువుకు విమానం ఎక్కేటప్పుడు మా చెల్లెలు నరసరావుపేట దగ్గరున్న ఎకరం మిరప చేను తాకట్టు పెట్టింది. అందులో ఇంకా తీరని బాకీ రెండు లక్షలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 4,000 రూపాయలు ఆమె చేతి నుండి పోతోంది. ఈ సంగతి కొడుక్కి తెలియదు. "వాడు ముందు నిలదొక్కుకోనీ అన్నయ్యా, ఎప్పుడో తీరిపోయిందని చెప్పాను" అని నా చేత కూడా నోరు మూయించింది.

ఒక పక్క అమెరికాలో ఒక కాగితం, ఇంకో పక్క ఇక్కడ ఒక ఎకరం. రెంటి ఖరీదూ ఒక్కటే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏమిటా కారు?

అబ్బాయి చూసింది పోర్షె కంపెనీవారి బాక్‌స్టర్ అనే జర్మను కారు, 2004 మోడలు. ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు గుడ్డది, మీట నొక్కితే వెనక్కు మడుచుకుంటుంది. ఇంజను ముందుండదు, సీట్ల వెనుక దాగి ఉంటుంది. 62 వేల మైళ్ళు తిరిగిన ఆ బండికి డీలరు 13,500 డాలర్లు అడుగుతున్నాడు. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర అంతకు మూడు రెట్లకు పైగా ఉండేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పదేళ్ళలో కారు ధర పడిపోతుంది గాని, దాని విడిభాగాల ధర, మెకానిక్కు కూలి పడిపోవు. పెద్ద రైతు వాడి వదిలేసిన పెద్ద ట్రాక్టరును చిన్న రైతు చౌకగా కొన్నాడనుకోండి. కొన్నది చిన్న ధరకే అయినా, రిపేరు వస్తే పెద్ద ట్రాక్టరు బిల్లే వస్తుంది గదా! పాత స్పోర్ట్స్ కార్ల సంగతీ అంతే.

పైగా ఈ కారు ఇంజనులో అందరికీ తెలిసిన ఒక బలహీనత ఉన్నది. 1997 మోడలు నుండి 2008 మోడలు వరకు వచ్చిన బాక్‌స్టర్ ఇంజనులలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఒకటి ఉంటుంది. గొలుసుల ద్వారా వాల్వులను నడిపించేది అదే. దాని చివర ఒక బేరింగు. ఆ బేరింగుకు మూత వేసి లోపల గ్రీజు నింపి పంపేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ మూత సడలి, ఇంజను ఆయిలు లోపలికి చేరి, ఆ గ్రీజును కడిగేస్తుంది. కొన్ని బండ్లలో బేరింగు విరుగుతుంది. అది విరిగితే గొలుసుల వరస తప్పి, వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి. అంతటితో ఇంజను సమాప్తం. కొత్త ఇంజను వేయించాలంటే కారు కొన్న ధర కూడా చాలకపోవచ్చు. 2001, 2005 సంవత్సరాల మధ్య తయారైన కొన్ని బాక్‌స్టర్, 911 కార్ల యజమానులు ఈ బేరింగు విషయమై అమెరికా కోర్టులో సామూహిక దావా వేస్తే, అది 2013లో రాజీతో ముగిసింది. 2009 మోడలు నుండి వచ్చిన కొత్త ఇంజనులలో ఆ ఇరుసే లేదు.

అన్ని బండ్లకూ ఇలా జరుగుతుందని కాదు. ఎక్కువ బండ్లు ఏ బాధా లేకుండానే తిరుగుతున్నాయి. కాని కొనేవాడి గుండెల్లో రాయి పడడానికి ఈ కథ చాలు. వారంటీ అమ్మేవానికి కావలసిందీ ఆ భయమే.

పేరు వారంటీ, అసలు సంగతి వేరు

ఇక్కడ మా బోరు మోటారు సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక దుకాణంలో మోటారు కొన్నాను. రెండేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చారు. బీరువాలో బంగారంలా దాచాను. పదకొండో నెలలో మోటారు కాలిపోయింది. కార్డు పట్టుకొని పోతే, "మాస్టారూ, కరెంటు హెచ్చుతగ్గులకు కాలితే గ్యారంటీ లేదండి. వెనక వైపు రాసుంది చూడండి" అన్నాడు దుకాణదారు. చూస్తే నిజమే, చీమ తలకాయలంత అక్షరాలు. మన పల్లెల్లో మోటారు కాలేదే కరెంటు హెచ్చుతగ్గులకు! వచ్చే జబ్బును తీసేసి, రాని జబ్బులన్నింటికీ మందిచ్చినట్టుంది ఆ కార్డు.

కనుక అబ్బాయితో మొదట చెప్పిన మాట ఇది: "ఆ కాగితం ముందు వైపు కాదు, వెనక వైపు చదువు." అతడు మొత్తం ఒప్పందం తెప్పించి, నాలుగు రాత్రులు కూర్చుని చదివి, నాకు ఒక్కొక్కటే వివరించాడు.

మొట్టమొదట తెలిసినదేమిటంటే, వాడుకలో దానిని ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటారు గాని, అమెరికా చట్టం ప్రకారం అది వారంటీ కాదు. వారంటీ అంటే వస్తువు ధరలోనే కలిసి వచ్చే పూచీ. దీనికి వేరే డబ్బు కట్టాలి కాబట్టి ఇది సర్వీసు కాంట్రాక్టు. ఆ ఒప్పందంలో ఉన్న ముఖ్యమైన షరతులు ఇవి:

మొదటి 30 రోజులు, 1,000 మైళ్ళు గడిచే వరకు ఏ రిపేరుకూ డబ్బు రాదు. ఒప్పందం చేసుకొనే నాటికే బండిలో ఉన్న లోపానికి ఎన్నటికీ రాదు. క్లచ్చి, బ్రేకులు, టైర్లు వంటి అరిగిపోయే వస్తువులకు రాదు. ఆయిలు వేళకు మార్చినట్టు రశీదులు చూపకపోతే రాదు. పందేల మైదానంలో ఒక్కసారి నడిపినా రాదు. కంపెనీని ముందుగా అడగకుండా మెకానిక్కు రిపేరు మొదలు పెడితే రాదు. ఇంజను విప్పి చూస్తేగాని కారణం తెలియనప్పుడు, విప్పే కూలి యజమాని పెట్టుకోవాలి. లోపం ఒప్పందంలో ఉన్నదని తేలితేనే అది తిరిగి వస్తుంది. రిపేరుకు వెళ్ళిన ప్రతిసారీ మొదటి వంద డాలర్లు యజమానివే. అన్నీ కుదిరి డబ్బు వచ్చినా, అది కారు విలువను మించదు.

వీటిలో చాలా షరతులు ఇటువంటి ఒప్పందాలలో మామూలుగా ఉండేవే. మోసమని అనలేం, అన్నీ రాసే ఉన్నాయి. అసలు ఈ ఒప్పందాలు రెండు రకాలు. ఒకటి, 'ఈ ఈ భాగాలకు మాత్రమే ఇస్తాం' అని పట్టిక వేసేది. పట్టికలో లేనిదానికి పైసా రాదు. రెండవది, 'ఈ ఈ భాగాలకు తప్ప అన్నింటికీ ఇస్తాం' అనేది. రెండవది మేలు, దాని ధరా ఎక్కువే. అబ్బాయికి చూపింది మొదటి రకం. ఆ పట్టికలో ఇంజను లోపలి భాగాలు చాలా ఉన్నాయి గాని, ఏ బేరింగుకు భయపడి అతడు ఆ కాగితం కొనబోతున్నాడో దాని పేరు లేదు! అడిగితే అమ్మేవాడు, "అదీ అందులోకే వస్తుంది లెండి" అన్నాడట. "అలాగని రాసి సంతకం పెట్టి ఇస్తారా?" అంటే మాట మార్చాడట.

నెలకు 67 డాలర్లేగా!

అమ్మేవాడు ధర చెప్పిన తీరు చూడండి. 3,400 అని గట్టిగా చెప్పలేదు. "కారు అప్పులో కలిపేస్తాం, నెలకు 67 డాలర్లు పెరుగుతుంది, అంతే" అన్నాడు. అప్పు గడువు ఐదేళ్ళు. 67 చొప్పున 60 నెలలు కడితే 4,020 డాలర్లు. అంటే వడ్డీ 600 డాలర్లకు పైమాట. కాని ఒప్పందం గడువు మూడేళ్ళే! పూచీ ముగిసిపోయిన తర్వాత కూడా మరో రెండేళ్ళు దాని వాయిదాలు కడుతూనే ఉండాలి. మన ఊళ్ళో ఎద్దు చచ్చిపోయిన తర్వాత కూడా ఎద్దు బాకీ కట్టినవాళ్ళు లేరా? ఇదీ అటువంటిదే.

నెలకు 67 డాలర్లను రూపాయల్లోకి మార్చాను. నాలుగు వేలు. మా చెల్లెలు నెల నెలా కడుతున్న వడ్డీ కూడా నాలుగు వేలే.

మరొక లెక్క కూడా చెప్పుకోవాలి. చీటీ పాటలో పెద్దమనిషి కమిషను పోగా మిగిలిందే సభ్యులకు దక్కుతుంది. ఈ ఒప్పందాలూ అంతే. కట్టిన డబ్బులో నుండి అమ్మినవాని కమిషను, ఆఫీసు ఖర్చు, ప్రకటనల ఖర్చు, లాభం పోవాలి. మిగిలినదే రిపేర్ల రూపంలో తిరిగి వస్తుంది. కాబట్టి అందరినీ కలిపి చూస్తే, కట్టినదానికంటే తక్కువే తిరిగి రావాలి. లేకపోతే ఆ వ్యాపారమే నడవదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2014లో ప్రచురించిన సర్వే ప్రకారం, ఇటువంటి ఒప్పందాలు కొన్న కారు యజమానులలో 55 శాతం మంది వాటిని ఒక్క రిపేరుకైనా వాడుకోలేదు. వాడుకున్నవారిలో కూడా చాలామందికి కట్టినంత తిరిగి రాలేదు.

అయితే మరి ఇన్సూరెన్సులన్నీ దండగేనా? కాదు. మన తల మీద పడితే మనం లేవలేని దెబ్బ కొన్ని ఉంటాయి. వాటికి కొంత నష్టపోయి అయినా పూచీ కొనుక్కోవాలి. ఇంటి పెద్ద ప్రాణం, ఆసుపత్రి ఖర్చు అటువంటివి. మనం భరించగలిగిన దెబ్బకు పూచీ కొనడం మాత్రం డబ్బున్నవాని సరదా. కాబట్టి అసలు ప్రశ్న 'ఇంజను పోతుందా, పోదా?' అన్నది కాదు. 'పోతే నేను బతకగలనా?' అన్నదే.

చట్టం ఏమంటుంది?

1985 నుండి అమెరికాలో ఒక నిబంధన అమలులో ఉన్నది. పాత కార్లు అమ్మే డీలరు ప్రతి కారుకూ బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి పెట్టాలి. డీలరు పూచీ ఏమైనా ఉందా, లేక 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నాడా అన్నది అందులో గుర్తు పెట్టి ఉంటుంది. సొంత కారు అమ్ముకొనే మామూలు మనిషికి ఈ నిబంధన లేదు. 1975లో వచ్చిన మాగ్నసన్–మాస్ వారంటీ చట్టంలో ఇంకొక మేలు ఉన్నది. డీలరు తానే బాధ్యుడుగా, కారు అమ్మిన 90 రోజులలోపు సర్వీసు కాంట్రాక్టు ఇచ్చినట్లయితే, అమ్మిన వస్తువు పనికివచ్చేదిగా ఉండాలని చట్టం సహజంగా ఇచ్చే పూచీని అతడు పూర్తిగా కొట్టివేయలేడు. కాని చాలాచోట్ల డీలరు వేరే కంపెనీ కాగితం అమ్మిపెట్టే ఏజంటు మాత్రమే. కనుక 'రేపు డబ్బు ఇవ్వవలసినది ఎవరు?' అన్న ప్రశ్న తప్పక అడగాలి.

ఆ ఇవ్వవలసినవాడు రేపటికి ఉంటాడా అన్నది కూడా ప్రశ్నే. మిస్సోరి రాష్ట్రంలో టీవీ ప్రకటనలతో ఈ ఒప్పందాలు లక్షల మందికి అమ్మిన యు.ఎస్. ఫిడెలిస్ అనే కంపెనీ 2010లో దివాలా తీసింది. ఇటీవల 2024 జూలైలో, ప్రకటనలలో చెప్పినట్టు రిపేర్లు భరించడం లేదన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణపై కార్‌షీల్డ్ కంపెనీ, దాని ఒప్పందాలు నడిపే సంస్థ కలిసి కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఈ వ్యాపారంలో మంచి కంపెనీలు లేవని కాదు. కారు తయారుచేసిన కంపెనీయే వెనక నిలబడి ఇచ్చే ఒప్పందానికీ, ఫోను చేసి తొందరపెట్టి అమ్మే ఒప్పందానికీ తేడా తెలుసుకోవాలి.

సంతలో పళ్ళు చూడకుండా ఎద్దును కొంటామా?

ఇదంతా విన్న తర్వాత అబ్బాయితో అన్నాను: "మీ తాత సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, నడిపించి చూసేవాడు. చచ్చిపోతే డబ్బిస్తామని ఎవడైనా కాగితం ఇస్తానంటే, ఆ కాగితం చూసి పళ్ళు చూడడం మానేవాడా? నువ్వు ముందు పళ్ళు చూడు."

అమెరికాలో దీనికి మంచి ఏర్పాటు ఉన్నది. అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్కుకు డబ్బిచ్చి, కొనక ముందే కారును పరీక్ష చేయించవచ్చు. అబ్బాయి పోర్షె కార్లు మాత్రమే బాగుచేసే ఒక షెడ్డు వెతికి పట్టాడు. ఫీజు 220 డాలర్లు. డీలరు మొదట ఒప్పుకోలేదు. ఆయిలు మార్చే ఖర్చు తానే పెట్టుకుంటానంటే సరేనన్నాడు.

మెకానిక్కు కారును పైకి ఎత్తి, కింద ఆయిలు కారుతున్న చోటు చూశాడు. తర్వాత ఆయిలు ఫిల్టరును విప్పి, దాని కాగితపు మడతలను విడదీసి దీపం కింద పెట్టాడు. మడతల మధ్య సన్నని మెరుపు. లోహపు పొడి. అబ్బాయి ఆ ఫొటో పంపితే మా చెల్లెలు కూడా చూసి, "ముగ్గులో వెండి రజను కలిపినట్టుందే" అన్నది. మెకానిక్కు అన్న మాట ఒక్కటే: "ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో నేను చెప్పలేను. డబ్బు నాదైతే మాత్రం దీని మీద పెట్టను."

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. అబ్బాయి ఆ పరీక్ష చేయించకుండా, కాగితాన్ని నమ్మి కారు కొని ఉంటే ఏమయ్యేది? ఇంజను ఏ ఆరో నెలలోనో పోయేది. కంపెనీవారు ఇంజను విప్పించి చూసి, "ఈ లోపం నువ్వు ఒప్పందం చేసుకొనే నాటికే ఉన్నది" అనడానికి వీలుండేది. కారు పోయేది, 3,400 పోయేది, విప్పిన కూలి కూడా పోయేది. అప్పు మాత్రం ఐదేళ్ళు మిగిలేది. 220 డాలర్ల పరీక్ష చేసిన పని 3,400 డాలర్ల కాగితం చేయలేకపోయేది.

దాచిన మాట బయటపడింది

కారు వద్దని తేలిన రాత్రి నేను చెల్లెలికిచ్చిన మాట తప్పాను. చేను సంగతి అబ్బాయికి చెప్పేశాను. ఫోనులో చాలాసేపు మాట లేదు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. చివరకు, "ఇన్నేళ్ళ నుండి నెలకు నాలుగు వేలు కడుతోందా మామయ్యా?" అన్నాడు.

"కారు కొనుక్కోవద్దని నేను అనను. కష్టపడుతున్నావు, నీకూ ఒక ముచ్చట ఉంటుంది. కాని ఏడాదికి 24 శాతం వడ్డీ తినే బాకీ ఒకటి ఇక్కడ ఉండగా, ఏ పూచీ కాగితమూ దానికంటే ముందు రాదు" అన్నాను.

అప్పటికి అతని దగ్గర 9,000 డాలర్లు దాచిన సొమ్ము ఉన్నది. అక్టోబరులో అందులో నుండి బాకీ మొత్తం పంపాడు. తాకట్టు కాగితం చేతికి వచ్చిన రోజు మా చెల్లెలు నా మీద కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గిన్నెడు పులిహోర పంపింది. ఇక కోపం పోయిందని అర్థం చేసుకున్నాను.

తర్వాత ఏమైంది?

ఆరు నెలలు ఆగి, 2015 ఏప్రిల్‌లో అబ్బాయి అటువంటిదే మరొక కారు కొన్నాడు. 2005 మోడలు, 11,900 డాలర్లు. అమ్మినాయన డీలరు కాదు, సొంతదారుడు. ప్రతి రిపేరు రశీదూ ఒక ఫైలులో పెట్టి ఇచ్చాడు. క్లచ్చి మార్చినప్పుడు ఆ బేరింగు కూడా ముందు జాగ్రత్తగా మార్పించినట్టు అందులో ఉన్నది. గేరుబాక్సు ఎలాగూ దించుతారు గనుక ఆ రెండూ ఒకేసారి చేయిస్తే కూలి కలిసివస్తుందట. మళ్ళీ 220 డాలర్లిచ్చి పరీక్ష చేయించాడు. ఈసారి ఫిల్టరులో మెరుపు లేదు.

వారంటీ కాగితం కొనలేదు. దానికి బదులు రెండు పనులు చేశాడు. ఒకటి, తన పాత టొయోటా కరోలాను అమ్మలేదు. కొలంబస్‌లో చలికాలం మంచు పడుతుంది, రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ రోజుల్లో ఉద్యోగానికి పోయేది కరోలాలోనే. ఒకవేళ స్పోర్ట్స్ కారు ఇంజను పోయినా నష్టమే గాని, ఉద్యోగం పోదు. రెండు, 1,500 డాలర్లతో బ్యాంకులో వేరే ఖాతా తెరిచి, నెలకు 100 డాలర్లు అందులో వేశాడు. కారు రిపేరుకు తప్ప దానిని ముట్టుకోకూడదని నియమం.

మూడేళ్ళలో పెద్ద రిపేర్లు మూడు వచ్చాయి. 2016లో ఇంజను నుండి తెల్లని పొగ వస్తే, గాలినీ ఆయిలునూ వేరు చేసే భాగం మార్చడానికి 840 డాలర్లు. 2017లో నీటి పంపుకు 610, అద్దం ఎత్తే యంత్రానికి 330. మొత్తం 1,780. ఖాతాలో పడినది 5,100. మిగిలినది 3,320. ఆ మిగిలిన డబ్బు కంపెనీది కాదు, అతనిది. 2018లో పాప పుట్టాక కారు అమ్మేశాడు. రెండు సీట్ల కారులో ముగ్గురు పట్టరు గదా!

ఇది చదివి, 'అయితే వారంటీలు ఎవరూ కొనకూడదు' అనుకోకండి. ఇంజనే పోయి ఉంటే నా లెక్క తలకిందులయ్యేది. అబ్బాయితో పాటు పనిచేసే స్నేహితుడొకరు పాత జర్మను కారు ఒకటి కొన్నాడు. అతనికి అదొక్కటే కారు, చేతిలో నిల్వ డబ్బు లేదు, ఇంట్లో పసిబిడ్డ. అతడు కారు కంపెనీయే ఇచ్చే ఒప్పందం, 'ఇవి తప్ప అన్నీ' అనే రకం, వేరు వేరు చోట్ల ధర అడిగి బేరమాడి కొన్నాడు. ఏడాది తిరగకుండానే గేరుబాక్సు పోయింది. ఆరు వేల డాలర్ల బిల్లు కంపెనీ కట్టింది. అతని స్థితిలో అతడు చేసినదే సరైన పని. అలాగే జపాను మాజ్దా కంపెనీవారి మియాటా వంటి సాదా నిర్మాణం గల చిన్న స్పోర్ట్స్ కారైతే, విడిభాగాలు చౌక గనుక కాగితం అవసరం మరీ తక్కువ. కాబట్టి కారును బట్టి, కొనేవాని ఇంటి పరిస్థితిని బట్టి జవాబు మారుతుంది.

ఇంటిల్లిపాదీ కూర్చొని వేసుకోవలసిన ప్రశ్నలు

విదేశాల్లో ఉన్న మీ పిల్లలు పాత కారు కొంటామన్నా, ఇక్కడ మీరే పాత ట్రాక్టరో, కారో కొంటున్నా, దానితో పాటు ఎవరైనా పూచీ కాగితం అమ్మజూపితే ఈ ప్రశ్నలు పనికివస్తాయి.

1. కొనక ముందు, అమ్మేవానితో సంబంధం లేని మెకానిక్కుకు చూపించామా?

2. మనం దేనికి భయపడి ఈ కాగితం కొంటున్నామో, ఆ భాగం పేరు అందులో రాసి ఉన్నదా? నోటి మాట చాలదు.

3. డబ్బు ఇవ్వవలసినది ఎవరు? అమ్మినవాడా, తయారుచేసిన కంపెనీయా, ఎవరో మూడోవాడా?

4. మొత్తం ధర ఎంత? నెల వాయిదా కాదు, వడ్డీతో కలిపి మొత్తం.

5. వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చునా? అమెరికాలో చాలా ఒప్పందాలను మొదటి నెలలోపు, రిపేరు వాడుకోకపోతే, రద్దు చేసి డబ్బు వెనక్కు తీసుకోవచ్చు. తర్వాతైతే మిగిలిన కాలానికి తగినంత మాత్రమే వస్తుంది.

6. అనుకోని దెబ్బ తగిలితే మన సొంత నిల్వ చాలునా? చాలకపోతే, అసలు ఆ వస్తువు మన తాహతుకు తగినదేనా?

7. ఇంతకంటే ముందు తీర్చవలసిన బాకీ ఇంట్లో ఏదైనా ఉన్నదా?

మరొక మాట. "ఈ రోజే సంతకం పెడితేనే ఈ ధర" అని ఎవరైనా అంటే, ఆ రోజు సంతకం పెట్టకండి. మంచి బేరం తెల్లవారేసరికి చెడ్డది కాదు. మన దేశంలో రశీదు, గ్యారంటీ కార్డు భద్రంగా ఉంచుకుంటే, మాట తప్పిన వ్యాపారి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కు 2019 చట్టం ప్రకారం మనకు ఉన్నది. మోటారు కాలినప్పుడు నేను ఆ పని చేయలేదు. కార్డు వెనక చదవని తప్పు నాదేనని సిగ్గుపడి ఊరుకున్నాను. అలా ఊరుకోవలసిన అవసరం లేదు.

ఎడమ చేతితో దాచి కుడి చేతితో మోసే బరువులు మన ఇళ్ళలో చాలా ఉంటాయి. తల్లి బాకీ బిడ్డకు తెలియదు, బిడ్డ ముచ్చట తల్లికి తెలియదు. మా ఇంట్లో ఒక పాత కారు కాగితం ఆ రెంటినీ ఒకే లెక్కలోకి తెచ్చింది. ఆ కాగితం మేము కొనలేదు గాని, దాని వల్ల మాకు మేలే జరిగింది.

విడిపించిన ఆ ఎకరంలో మరుసటి ఏడు మా చెల్లెలు మళ్ళీ మిరపే వేసింది. కళ్ళంలో ఎర్రగా ఎండుతున్న కాయల ఫొటో ఒకటి కొలంబస్‌కు పంపించింది. అబ్బాయి దానిని కారు ఫొటో పక్కన గోడకు పెట్టుకున్నాడట.